ఢిల్లీబాబు రంగు

వడమాలపేట,
కార్తీక మాసం, సోమవారం

నాయనా మునిశేఖరా,

నేను ఢిల్లీబాబు అమ్మను, నాగులమ్మను. ఫోన్ చేస్తే "కస్టమర్లు ఉండారు పెద్దమ్మా, మళ్ళీ చేస్తా" అంటావు, చెయ్యవు. కాగితమైతే నీ బల్ల మీద పడి ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు చూడక తప్పదు. అయిదో తరగతితో ఆగిపోయిన చెయ్యి నాది, తప్పులుంటే దిద్దుకొని చదువుకో. రోజూ పూలబుట్టలు వేసుకొని తిరుచానూరుకు పోతాడే ఆటో ఆదిమూలం, అతని చేతికిచ్చి పంపుతున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

విషయం ఏమంటే, నా కొడుకు పోయినప్పుడు పెద్దకర్మకు నువ్వు ఫ్లెక్సీ వేసి పంపావు. బస్టాపు దగ్గర ఒకటి, మా వీధి మొదట్లో ఒకటి కట్టారు. ఆ రోజుల్లో నాకు కళ్ళున్నా చూపు లేదు. తినమంటే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. ఇప్పుడిప్పుడే తల ఎత్తి చూస్తున్నాను. అదే బొమ్మకు నా కోడలు అమల ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టింది. రోజూ దాని ముందర నిలబడి దీపం పెడతాను. నిలబడితే నాకు ఏడుపు రావడం లేదు శేఖరా. కన్నకొడుకు పటం చూసి కన్నీళ్ళు రాని రాక్షసిని అయిపోయానా అని చాన్నాళ్ళు నన్ను నేనే తిట్టుకున్నాను. మొన్న తెలిసింది ఎందుకో. ఆ పటంలో ఉన్నది నా కొడుకు కాదు.

వాడు నల్లటివాడు. నాలాగే నలుపు. నువ్వు వాణ్ణి సున్నం కొట్టిన గోడలా చేసి, మేఘాల మధ్య కూర్చోబెట్టి, అటొకటి ఇటొకటి పావురాలను ఎగరేశావు. ముక్కు వాడిదే, మీసం వాడిదే, ఆ తెల్లటి మొహం ఎవరిదో. ఎవరో పరాయివాడికి దీపం పెడుతున్నట్టుంది.

వైశాఖంలో సంవత్సరీకం వస్తుంది. అప్పటికి నా కొడుకును వాడి రంగులో వేసి ఇవ్వు. వాడూ నువ్వూ ఒకే మేస్త్రి దగ్గర కుంచె పట్టినవాళ్ళు. నీకు అది పెద్ద పని కాదు.

నీ పెద్దమ్మ
నాగులమ్మ


తిరుపతి,
నవంబరు 20

పెద్దమ్మా,

నమస్కారం. నీ ఉత్తరం అందింది. నేను ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో, పెన్ను పట్టుకుంటే వేళ్ళు మొరాయిస్తున్నాయి. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను.

నువ్వు అనుకున్నంత తేలికైన పని కాదు ఇది. మా మిషన్‌లో నాలుగే రంగులు: నీలం, గులాబీ, పసుపు, నలుపు. ఎవరి మొహమైనా ఆ నాలుగింటిలోంచే రావాలి. నల్లటి మొహాన్ని ఉన్నదున్నట్టు వదిలితే సిరా ఎక్కువ తాగి, కళ్ళూ ముక్కూ కలిసిపోయి మసిగుడ్డలా వస్తుంది. రోడ్డు మీద పోయేవాళ్ళకు ఆనవాలు తెలియదు. అందుకని ముందే తెల్లగా ఎత్తుతాం. కంప్యూటర్‌లో దానికొక మీట ఉంది, నొక్కితే చాలు. ఇప్పుడు ఎవరి ఫోటో వచ్చినా చూడకుండానే చెయ్యి ఆ మీట మీదికి పోతుంది. పుట్టినరోజు నాయకుడైనా, పెద్దమనిషైన పిల్ల అయినా, పోయిన ముసలాయన అయినా అంతే. చెయ్యకపోతే జనం ఒప్పుకోరు. మొన్న ఒకాయన వాళ్ళ నాయన ఫోటో తెచ్చి, "ఇంకొంచెం తెల్లగా ఎత్తప్పా, స్వర్గానికి పోయినాడు గదా" అన్నాడు.

ఢిల్లీబాబు బొమ్మ కూడా మర్యాదగానే చేశాను. నువ్వు లేనిపోనివి తలచుకొని బాధపడొద్దు. అమలమ్మతో చెప్పి, ఫోన్‌లో ఉన్న ఫోటోలన్నీ పంపించు. అందులో మంచిది చూసి మార్చి ఇస్తాను.

ఆరోగ్యం చూసుకో.

మునిశేఖర్


వడమాలపేట,
మార్గశిర మాసం

నాయనా శేఖరా,

మర్యాదగానే చేశానని రాశావు. నల్లగా ఉండటం అమర్యాద అని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

మొన్న మనవరాలికి చెవులు కుట్టించడానికి తిరుపతికి వచ్చాను. నీ అంగడి ముందు నుంచే పోయాను, లోపలికి రాలేదు. పైన బోర్డులో నీ బొమ్మ చూశాను. పెరుగన్నం మాదిరి ఉన్నావు. మీ అమ్మ బతికి ఉంటే, ఆ బోర్డు కిందే నిలబడి "మా వాడి అంగడి యాడ నాయనా" అని దారిన పోయేవాళ్ళను అడిగి ఉండేది.

నా కొడుకు కూడా మనుషుల మొహాలు వేసినవాడే. గంగమ్మ జాతర వస్తే ఊళ్ళలో గోడలకు బొమ్మలు వేయమని పిలుచుకొని పోయేవాళ్ళు. అమ్మవారికి చేతులెత్తి మొక్కే జనాన్ని వేయాలంటే, ముందు రోజు నన్ను ఎండలో అరుగు మీద కూర్చోబెట్టి చెయ్యి చాపమనేవాడు. కావి ఎరుపు తీసుకొని, కొంచెం పసుపు కలిపి, చివరకు ఒక్క బొట్టు నీలం వేసేవాడు. నా ముంజేతి మీద కుంచెతో ఒక గీత గీసి చూసుకొనేవాడు. గీత కనబడకపోతే రంగు కుదిరినట్టు. "నల్లడబ్బా మూత తియ్యకుండానే నల్లటి మనిషిని వెయ్యచ్చు మా. మన నలుపులో నలుపు తక్కువ, ఎరుపే ఎక్కువ" అనేవాడు. "అయితే నేను ఎర్రటిదాన్నేరా" అంటే నవ్వేవాడు.

కుంచెతో అయితే ప్రతి మనిషికీ మళ్ళీ రంగు కలపాలి. కలపాలంటే ఆ మనిషిని చూడాలి. నీ మీటకు చూడాల్సిన పని లేదు. నువ్వే రాశావు, చూడకుండానే చెయ్యి పోతుందని.

నీ ఫ్లెక్సీలు వచ్చాక వాడికి గోడలు పోయాయి. కుంచెలు నూనెలో ముంచి పైన పెట్టి, అపార్టుమెంట్లకు రంగు కొట్టే పనికి పోయాడు. ఆ పని చూసుకొని వస్తూనే గదా పుత్తూరు రోడ్డులో లారీ కింద పడ్డాడు. బతికుండగా వాడి పని తీసుకున్నావు. పోయాక వాడి రంగు తీసుకున్నావు. ఇంకా ఏం మిగిలింది, తీసుకోవడానికి.

ఫోటోలు అమల పంపింది. ఇష్టం లేకుండానే పంపింది.

నాగులమ్మ


తిరుపతి,
డిసెంబరు 27

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి జవాబు రాయకూడదనే అనుకున్నాను. ఆదిమూలం రోజూ అంగడి ముందు ఆటో ఆపి "ఏమప్పా, రాసినావా" అని అడుగుతుంటే రాస్తున్నాను.

ఫోటోలు చూశాను. అన్నింటిలోనూ వాడు తెల్లగానే ఉన్నాడు. ఇప్పటి ఫోన్లు తీసేటప్పుడే మనిషిని నున్నగా, తెల్లగా చేసేస్తాయి. ఎవరూ అడగక్కర్లేదు. దాన్ని వెనక్కి తిప్పి అసలు రంగు తీద్దామంటే, అసలు రంగు అందులో పడనే లేదు. పెళ్ళి ఆల్బమ్ నా దగ్గరే చేయించాడు, అదీ అంతే.

వాడి పని నేను తీసుకున్నానన్నావు. మిషన్ పెట్టినప్పుడు నేను మొదట పిలిచింది వాణ్ణే. "ఆ మీటలు నాకొద్దురా" అని వాడే పోయాడు. ఆ మాట పడతాను, పర్వాలేదు. వాడి రంగు తీసుకున్నానన్నావు చూడు, అది మాత్రం నేను మోయలేను. నీకు చెప్పకూడదనుకున్నది ఇప్పుడు చెబుతున్నాను.

మేఘాలు, పావురాలు తప్ప ఆ బొమ్మ వాడు పోయాక నేను చేసింది కాదు. వాడు బతికుండగా, నా పక్కన స్టూలు వేసుకొని కూర్చొని చేయించుకున్నది. నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంకొంచెం ఎత్తురా శేఖరా, ఇంకొంచెం" అంటూ కూర్చున్నాడు. పెళ్ళి సంబంధాలకు పంపింది ఆ ఫోటోనే. ఆ తరవాత ఏ ఫోటో తీయించుకున్నా అంతే. ఊళ్ళోవాళ్ళందరినీ ఉన్న రంగులో వేసే మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి నా మీట కావాలన్నాడు.

ఇంకొకటి కూడా ఉంది. మీరు ఇల్లు కట్టుకొని గృహప్రవేశం చేసినప్పుడు ఫ్లెక్సీలో నీ ఫోటో పెట్టాం. నిన్ను కూడా వాడే ఎత్తమన్నాడు. "అమ్మను అట్లే వదిలేస్తే అమల తట్టువాళ్ళు ఏమనుకుంటారో" అన్నాడు. నువ్వు వచ్చి చూసి, బాగుంది అన్నావు పెద్దమ్మా. నాకు బాగా గుర్తుంది.

మునిశేఖర్


వడమాలపేట,
మాఘ మాసం

శేఖరా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. మళ్ళీ మళ్ళీ చదవలేక బియ్యం డబ్బాలో అడుక్కు తోసేశాను.

గృహప్రవేశం ఫ్లెక్సీ మేము పారేయలేదు. వానకు తడవకుండా కోళ్ళగూటి మీద కప్పి ఉంది. పోయి తిప్పి చూశాను. కోళ్ళ రెట్టల కింద నేను ఎవరో పెద్దింటి ఆడమనిషిలా ఉన్నాను. నువ్వు రాసింది నిజమే. బాగుంది అన్నదీ నిజమే.

అమల కంటే ముందు వాడికొక సంబంధం వచ్చింది. చూడటానికి పోయాం. ఆ పిల్ల అవ్వ వాకిట్లోనే, వాడు వింటుండగా, "పిల్లోడు పనిమంతుడే. రంగే పాపం, తల్లి పోలిక పడినాడు" అంది. వాడు కాఫీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి, అందరికీ చెప్పి లేచాడు. బస్సులో నాతో "కాఫీ బాగుండె మా" అన్నాడు. ఆ ముసలామె అన్నది నన్నే అనుకున్నాను ఇన్నేళ్ళూ. నన్నంటే నాకు లెక్కలేదు, పుట్టినప్పటి నుంచి వింటున్నదే. వాడికి తగిలిందని తెలియలేదు. వాడు నీ పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నది ఆ తరవాతే అయ్యుంటుంది.

నేను వాడికి ఇచ్చింది ఏముంది, పొలమా, పుట్రా. కడుపులో మోసి రంగొకటి ఇచ్చాను. దాన్ని నీ అంగట్లో వదిలించుకొని పోయాడు. నా చెయ్యి చూసి రంగు కలిపేటప్పుడు వాడి మనసులో ఏముండేదో. అడగడానికి మనిషి లేడు. కోపం వస్తే తిట్టడానికీ లేడు.

అయినా నాకు కావాలి శేఖరా. వాడికి అక్కర్లేకపోయినా నాకు కావాలి. ఫోటోల్లో లేదంటున్నావు. నీ కళ్ళలోనైనా ఉందా. మీసాలు రాకముందు నుంచి వాడితో తిరిగినవాడివి.

నాగులమ్మ


తిరుపతి,
మార్చి 3

పెద్దమ్మా,

పోయినసారి నేను పంపింది కోపంలో రాసిన ఉత్తరం. పంపకుండా ఉండాల్సింది.

కళ్ళలో ఉందా అని అడిగావు. ఉందనుకొనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెర మీద ఒక రంగు కనబడుతుంది, ఫ్లెక్సీ మీద పడేసరికి వేరొకటి అవుతుంది. మొదటిసారి వంకాయలా వచ్చాడు. పసుపు పెంచితే కామెర్లు వచ్చినవాడిలా అయ్యాడు. గులాబీ పెంచితే ఇటుక. వాణ్ణి మసిగుడ్డ కాకుండా నల్లగా వేయడం నాకు చేతకాలేదు. ఇన్నేళ్ళుగా మనుషులను తెల్లబరచడమే తప్ప, ఇది నేర్చుకోలేదని తెలిసింది. దీనికి మీట లేదు.

ఒక ఉపాయం తోచింది. వాడు నీ చేతిని చూసి రంగు కలిపేవాడు కదా, మనమూ అట్లాగే చేద్దాం. ఈ కవర్‌లో చిన్న చిన్న ఫ్లెక్సీ ముక్కలు పెట్టాను. ఒక్కో ముక్క ఒక్కో రంగు, వెనక నంబరు వేశాను. నీ చేతిని ఫోటో తీసి పంపమందును గానీ, ఆ ఫోన్ నీ చేతిని కూడా తెల్లగా చేసి పంపుతుంది. పొద్దుటి వెలుతురులో, లైటు కింద కాదు, ముంజేతి మీద ఒక్కో ముక్కా ఆనించి చూడు. ఏది కనబడకుండా చేతిలో కలిసిపోతుందో ఆ నంబరు రాయి. వాడి మొహాన్ని ఆ రంగులోకి తెస్తాను. ఎన్నిసార్లు చెడినా తెస్తాను.

మేఘాలు, పావురాలు తీసేశాను. వెనక ఏం పెట్టమంటావు?

బోర్డు మీద నా బొమ్మ కూడా తీసేయించాను. నువ్వు అన్నందుకు కాదు, ఎండకు వెలిసిపోయింది.

మునిశేఖర్


వడమాలపేట,
చైత్ర మాసం

శేఖరా,

ముక్కలు అందాయి. వెనక ఏమీ పెట్టొద్దు. ఉత్త గోడ రంగు వెయ్యి. వాడు ఎప్పుడూ గోడ ముందర నిలబడినవాడే.

అరుగు మీద కూర్చొని ఒక్కొక్క ముక్కా ఆనించి చూశాను. ఏడో నంబరు కలిసిపోయింది. ముక్క ఎక్కడుందో వేలితో తడిమితే గానీ తెలియలేదు. ఆ పూట ఏడ్చాను. వాడు పోయిన తరవాత అంత ఏడుపు అదే రావడం.

అప్పుడు అమల వచ్చింది.

"ఏం చేస్తా ఉండావత్తా" అని అడిగింది. చెప్పాను.

"ఆయన మెచ్చి చేయించుకున్న పటం ఉండగా ఇదంతా యాలత్తా? ఆయన ఎట్ల కనబడాలనుకున్నాడో అట్లే ఉండనీ."

"అది వాడు కాదమ్మే."

"నేనేమన్నా పటాన్ని పెండ్లి చేసుకున్నానా? ఆయన ఎట్లుంటాడో నాకు తెలీదా" అంది. అని ముక్కలన్నీ ఒళ్ళో పోసుకొని, వెతికి వెతికి నాలుగో నంబరు తీసి నా ముందర పెట్టింది. నాలుగోది ఏడోదానంత నలుపు కాదు, చామనఛాయ. "ఇదీ ఆయన. ఆ ఏడోది నువ్వు. ఎండలో మాడిన చేతులు చూసినావు నువ్వు. చొక్కా ఇప్పితే ఆయన ఈ రంగు. ఆయన తెల్లగా పూసుకున్నాడని ఏడుస్తా ఉండావే, మరి నువ్వు చేసేదేంది? నీ రంగు తీసి ఆయనకు పూస్తా ఉండావు."

నేను నోటికొచ్చినట్టు అన్నాను. నిన్నగాక మొన్న వచ్చినదానివి, కన్నదానికి చెబుతావా అన్నాను. కన్నదానికి ఏడాదికొకసారి గుర్తుకొస్తే చాలు, నాకు దినామూ గుర్తుకొస్తాడు అంది. పాపను ఎత్తుకొని చిత్తూరుకు, వాళ్ళ అమ్మగారింటికి పోయింది. సంవత్సరీకానికి వస్తానని మాత్రం చెప్పి పోయింది.

తను పోయాక ఆ రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టుకొని కూర్చున్నాను. నీకు కాబట్టి చెబుతున్నాను, నాకు తెలియలేదు. నేను నీళ్ళు పోసిన ఒళ్ళు చిన్నపిల్లాడిది. మీసం వచ్చాక వాడి ఒళ్ళు నేనెక్కడ చూశాను. చేతులు, మెడ, మొహం, అంతే. అవీ మసక పడుతున్నాయి. ఆ బొమ్మ తప్పని నీ మీద అరిచినదాన్ని, ఒప్పేదో చెప్పమంటే చెప్పలేకపోతున్నాను. కొడుకు పోయింది ఒకసారే అనుకున్నాను. రోజూ కొంచెం కొంచెం పోతూనే ఉన్నాడు.

నువ్వు చెప్పు. నాలుగా, ఏడా?

నాగులమ్మ


తిరుపతి,
ఏప్రిల్ 22

పెద్దమ్మా,

నన్ను అడగొద్దు. ముక్కలు కత్తిరించేటప్పుడే నా మనసులో ఒకటి అనుకున్నాను. అది అయిదు. చూడు, ముగ్గురం మూడు చెబుతున్నాం. మేస్త్రి దగ్గర పని చేసే రోజుల్లో వాడూ నేనూ ఒకే కుళాయి కింద స్నానం చేసినవాళ్ళం. అయినా అమలమ్మ చెప్పిన నాలుగు నాకు గుర్తు లేదు. అమలమ్మ అబద్ధం చెబుతుందని కాదు. ఎవరు చూసిన ఢిల్లీబాబు వాళ్ళకున్నాడు.

ఒక్కటి మాత్రం చెబుతాను. ఫ్లెక్సీలో వాడు చొక్కా తొడుక్కునే ఉంటాడు.

ఇక్కడ జాతర పని మొదలైంది, మిషన్ ఆగడం లేదు. సంవత్సరీకానికి నేను రాలేనేమో. ఏ నంబరు రాస్తే ఆ నంబరు వేసి ఆదిమూలం ఆటోలో పంపుతాను.

మునిశేఖర్


వడమాలపేట,
వైశాఖ మాసం

నాయనా శేఖరా,

సంవత్సరీకం అయిపోయింది. చీటీ మీద ఏడు అని మాత్రం రాసి పంపాను, ఇంకేమీ రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు ఏడే వేశావు. ఫ్లెక్సీ విప్పగానే చెంప పక్కన చెయ్యి పెట్టి చూశాను. తేడా లేదు. కళ్ళు కళ్ళలాగే, ముక్కు ముక్కులాగే నిలబడ్డాయి. మసిగుడ్డ కాలేదు. నీ పని నువ్వు చేశావు.

బస్టాపులో కట్టించాను, వీధి మొదట్లో కట్టించాను. జనం ఆగి చూశారు. పాలకేంద్రం గిరిప్రసాద్ వచ్చి, "ఏందక్కా, ప్రింటు చెడిపోయినట్టుండాదే. సిరా ఎక్కువైపోయింది. ఆ శేఖర్‌ను అడిగి మళ్ళీ ఏయించుకో, ఊరకే వదలద్దు" అన్నాడు. నా కొడుకు ఈడువాడే చిన్నబ్బ, వాడితో కలిసి ఈత కొట్టినవాడే, "పోయినసారిదే బాగుండె పెద్దమ్మా" అన్నాడు. ఇదిగో మన ఢిల్లీబాబు అని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అనలేదు. ఏడాది పొడుగునా ఆ తెల్లటి బొమ్మను చూసి చూసి, ఊరికి వాడు అదే అయిపోయాడు.

అమల వచ్చింది. ఫ్లెక్సీ ముందర చాలాసేపు నిలబడింది. పాప తన చంకలో ఉంది. ఎవరో ఆడమనిషి, "ఎవురు పాపా ఆ బొమ్మలో" అని అడిగింది. పాప వేలు చూపించి, "అవ్వ. మీసం పెట్టుకోనుండాది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను, నవ్వు రాలేదు. అమల నవ్వలేదు. నా వైపు చూసింది. గెలిచినట్టు చూసి ఉంటే నాకు కోపం వచ్చి ఉండేది, ఆ కోపంతో ఇంకో ఏడాది బతికేదాన్ని. అట్లా చూడలేదు. వచ్చి నా చేతిలో విస్తరాకులు తీసుకొని వడ్డనకు పోయింది.

ఇంట్లో పటం ఆ తెల్లటిదే ఉంటుంది. పాపకు నాయన అంటే అదే. వాళ్ళమ్మకు అదే కావాలి. పోయినవాడికీ అదే కావాలనిపించింది. ముగ్గురి మాట ఒకటైనప్పుడు దీపం పెట్టేదాని మాట ఎవరిక్కావాలి. పెడతాను.

బస్టాపులోది మాత్రం తీయనివ్వను. చిరిగిపోయేదాకా ఉండనీ. ప్రింటు చెడిపోయిందని మా ఊరివాళ్ళు ఎవరో ఒకరు నీ అంగడికి వచ్చి నిలదీస్తారు. జాతర తొందరలో అట్లా అయిందని తప్పించుకోవద్దు. చెడలేదని చెప్పు. వాడు అంత నల్లగానే ఉండేవాడని, వాళ్ళమ్మ రంగేనని గట్టిగా చెప్పు. నాకు అంత గట్టిగా తెలియదు. నువ్వైనా చెప్పు.

నీ పెద్దమ్మ
నాగులమ్మ